పక్క క్వార్టర్లో నవ్వులు

గోడలకు చెవులుంటాయంటారు. ఉంటే ఉండొచ్చు గానీ కళ్ళు మాత్రం లేవు. బచేలీ టౌన్‌షిప్‌లో ఆ జంట క్వార్టర్లు కట్టినవాళ్ళు ఈ సంగతి ఆలోచించినట్టు లేదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలుతుంది. ఇటువాళ్ళు తుమ్మితే అటు బయల్దేరబోయినవాళ్ళు చెప్పులు విప్పి, కాసిని మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరతారు. వినపడడం అంతా వినపడుతుంది. ఆ వినపడినదాన్ని బట్టి పక్కింట్లో ఏం జరుగుతోందో మనమే ఊహించుకోవాలి. మనిషి ఊహ సంగతి చెప్పేదేముంది, అదెప్పుడూ అడ్డదారినే పోతుంది.

అలాంటి జంటలో ఎడమవైపు క్వార్టరు గవర్రాజుది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఐటీఐ చదువుకుని, రాష్ట్రం దాటి వచ్చి, ఇక్కడి కొండ మీద ఇనుపరాయి గనిలో చేరాడు. కంట్రోల్ రూములో కూర్చుని రాయి మోసే బెల్టు నడుస్తోందా ఆగిందా అని తెర మీద చూస్తూ ఉండడం అతని పని. యాభై రెండేళ్ళు. మంచివాడే. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, దానికి తోడు పట్టింపు ఒకటి.

భార్య గంగారత్నం, కూతురు అమ్ము విశాఖపట్నంలో ఉంటారు. ఈ టౌన్‌షిప్‌లో ఆంధ్రా కుటుంబాలకి ఇదొక ఆచారం. పిల్ల పదో తరగతి గట్టెక్కగానే తల్లీ పిల్లా కిరండూల్ ప్యాసింజరెక్కి విశాఖ వెళ్ళిపోవాలి, మొగుడు క్వార్టర్లో ఉండిపోయి పప్పులో ఉప్పెంతో కొత్తగా నేర్చుకోవాలి. ఇలాంటి మగవాళ్ళని ఇక్కడ 'ఫోర్స్‌డ్ బ్యాచిలర్లు' అంటారు. "రెండేళ్ళే కదండీ, ఇంటరయ్యేదాకా" అంది గంగారత్నం రైలు కిటికీలోంచి. ఇంటరు అయింది, డిగ్రీ అయింది, అమ్ముకి అక్కడే ఉద్యోగం వచ్చింది. గంగారత్నం ఒక ప్లేస్కూల్లో కుదురుకుంది. రెండేళ్ళు కాస్తా ఎనిమిదేళ్ళయ్యాయి. మధ్యలో ఒక్క గొడవ లేదు, ఒక్క పరుషమైన మాట లేదు. అసలు మాటలే అరిగిపోయాయి. రోజూ ఏడున్నరకి ఫోను. "తిన్నారా?" "తినీసాను. నువ్వు?" "తిన్నాను." "సరే అయితే." అంతే. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు, ఎవరూ నిజం చెప్పరు.

రెండేళ్ళ కిందట సెలవుల్లో వచ్చినప్పుడు అమ్ము కొత్త టీవీ పెట్టించి, అందులో ఏవేవో యాప్‌లు వేసింది. "నాన్నా, బోరు కొడితే ఇవి చూడు, ఇంగ్లండువాళ్ళ కామెడీలు. చాలా బాగుంటాయి" అని చెప్పి వెళ్ళింది. గవర్రాజు మొదట పట్టించుకోలేదు. మన సీరియళ్ళు పెడితే ఏడుపులు. వార్తలు పెడితే అరుపులు. ఒకరోజు విసుగెత్తి ఇంగ్లండువాళ్ళది నొక్కాడు.

అది ఒక బస్సు డిపో క్యాంటీన్ కథ. షీనా అని ఒక బొద్దుపాటి ఆవిడ క్యాంటీన్ నడుపుతుంది. డ్రైవర్లు వస్తారు, టీ తాగుతారు, ఆవిడ నోట్లో పడి చివాట్లు తింటారు. గవర్రాజుకి ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. కింద అక్షరాలు పడతాయి గానీ అవి కూడబలుక్కునేలోపు షీనా ఇంకో నాలుగు మాటలు అనేసి వంటగదిలోకి పోతుంది. అయితే ఒక సుఖం ఉంది. జోకు పేలిన ప్రతిసారీ, కనపడకుండా ఎక్కడో కూర్చున్న జనం గొల్లున నవ్వుతారు. 'ఓహో, ఇక్కడన్నమాట' అనుకుని గవర్రాజు కూడా నవ్వేవాడు. నవ్వగా నవ్వగా నిజంగానే నవ్వొచ్చేది.

అలా అలవాటైంది. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, కాస్త నడుం వాల్చి, సాయంత్రం ఆరయ్యేసరికి షీనా క్యాంటీన్ తెరిచేవాడు. వంటింట్లో కూర తాలింపు పెడుతున్నా టీవీ ఆపడు. సౌండు పెంచుకుంటాడు. వందమంది ముందుగదిలో కూర్చుని నవ్వుతున్నట్టుంటుంది. ఒక్కోరోజు అసలు చూడను కూడా చూడడు. ఆ నవ్వులు ఇంట్లో తిరుగుతుంటే చాలు. ఈ మాట ఎవరైనా అడిగితే ఒప్పుకోడనుకోండి.

కుడివైపు క్వార్టర్లో సీతారాములు. కంపెనీ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద మందులిచ్చే ఫార్మసిస్టు. ముప్ఫై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. బాసగూడ నుంచి వచ్చిన దొర్ల గిరిజన కుటుంబం వాడు. తల్లి ఒక్కతీ ఊళ్ళో పొలం చూసుకుంటోంది. గేటు దగ్గర ఎదురైతే తల ఊపుతాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడంటే ఇక ఉలుకూ పలుకూ ఉండదు. రేడియో లేదు, టీవీ లేదు, ఫోనులో గట్టిగా మాట్లాడడమైనా లేదు. 'వీడికి మనుషులంటే పడదు గావాల' అని గవర్రాజు మొదటి నెలలోనే తీర్పు చెప్పేసి, రెండేళ్ళపాటు దాన్ని మార్చుకోలేదు.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడింది. కరెంటు పోయింది. షీనా క్యాంటీన్లో నవ్వులు నవ్వులుగా ఉండగానే టక్కున ఆగిపోయాయి. ఇల్లు ఒక్కసారిగా ఎంత పెద్దదైపోయిందో గవర్రాజుకి అప్పుడు తెలిసింది. అగ్గిపెట్టె వెతుక్కుంటూ ఉండగా గోడ అవతలి నుంచి మాటలు వినిపించాయి. సన్నగా, ఇంగ్లీషులో, ఆగి ఆగి ఎవడో మాట్లాడుతున్నాడు. ఆ యాస గవర్రాజుకి తెలుసు. క్యాంటీన్ డ్రైవర్ల యాస అదే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకే ఒక్క మనిషి నవ్వు, ముక్కుతో, లోపల్లోపల. అది సీతారాములుది.

గవర్రాజు లుంగీ ఎగ్గట్టుకుని, వానలోనే వెళ్ళి తలుపు కొట్టాడు.

"ఏందన్నా, మీ దిక్కు గూడ కరెంటు పోయిందా?" అన్నాడు సీతారాములు తలుపు తీసి. వెనకాల మంచం మీద ల్యాప్‌టాప్ వెలుగుతోంది.

"కరెంటు సంగతి అలగుంచు. నువ్వు చూస్తున్నదేటి? ఇంగ్లండువాళ్ళ కామెడీ కాదూ?"

సీతారాములు తెల్లబోయాడు. "మీకెట్ల తెల్సు?" అని, గవర్రాజు భుజం మీదుగా పక్క గుమ్మంకేసి చూశాడు. "మీ చుట్టాలు పోయిండ్రా?"

"చుట్టాలేటి?"

"రోజూ వస్తరు గదా అన్నా. ఆరు గాంగనే మీ ఇంట్ల ఒకటే నవ్వులు, ఆ లొల్లిల మాటలు సమజే కావు. రెండేండ్ల సంది వింటున్న. ఈ అన్నకు ఎంతమంది దోస్తులో అనుకుంట."

 అవి టీవీలో నవ్వులని గవర్రాజు చెప్పాల్సి వచ్చింది. చెప్పేసరికి సీతారాములు మంచం మీద కూలబడి పగలబడి నవ్వాడు. గవర్రాజూ నవ్వాడు గానీ మధ్యలో ఆగిపోయాడు.

"నిరుడు మా ఊరి నుంచి తునికి పండ్లు తెచ్చిన అన్నా, మీకిద్దామని" అన్నాడు సీతారాములు కళ్ళు తుడుచుకుంటూ. "తలుపు దాక వచ్చిన. లోపల గంతమంది నవ్వుతుంటే నడుమ నేనెందుకని మర్లిపోయిన."

"మరా పళ్ళేటి చేశావు?"

"నేనే తిన్న. రెండు దినాలు తిన్న."

గవర్రాజుకి ఆ పళ్ళు తననుంచి ఎవరో లాక్కుపోయినట్టే అనిపించింది. రెండేళ్ళు! గోడకి ఇటు ఒకడు, అటు ఒకడు, ఇద్దరూ ఇంగ్లండు చూసుకుంటూ కూర్చున్నారు.

అక్కడి నుంచి ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున బజారులో ఎండుచేపలో, బోడకాకరకాయలో కొనుక్కొచ్చి గవర్రాజు వండేవాడు. సాయంత్రం ఆరుకి సీతారాములు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఒక వారం గవర్రాజు ఇష్టం, ఒక వారం సీతారాములు ఇష్టం. ఒప్పందం అయితే కుదిరింది గానీ ఇష్టాలు మాత్రం కుదరలేదు. ఉప్పూ నిప్పూ.

సీతారాములు చూసేదాంట్లో నవ్వులు ఉండవు. వానలో నానిపోయిన ఒక చిన్న ఊరు, అక్కడి మునిసిపాలిటీలో పార్కింగ్ విభాగం. దానికి నైజెల్ అని ఒక అధికారి. తనంటే అందరికీ ప్రాణమని అతని నమ్మకం. ఎవరికీ అతను అక్కర్లేదు. అతనొక మాట అంటాడు. గదిలో అందరూ నేల చూపులు చూస్తారు. కెమెరా వచ్చి అతని మొహం మీద నిలబడుతుంది, కదలదు. అంతే, అదే జోకు.

"ఇందులో నవ్వడానికేటుంది? మా షిఫ్టు ఇంచార్జి అచ్చం ఇలగే ఉంటాడు" అన్నాడు గవర్రాజు మొదటిరోజు.

"గదే గదన్నా!" అని సీతారాములు పొట్ట పట్టుకున్నాడు.

"నవ్వేవాళ్ళు లేకపోతే అది కామెడీ అని ఎలగ తెలుస్తాది?"

"మీకెవరో చెప్పాల్నా ఏంది నవ్వుమని? మా ఊళ్ళ ముసలోళ్ళు జోకు చెప్తే ఒక్కడు నవ్వడు అన్నా. చావు కబురు చెప్పినట్టు ముఖం పెట్టి చెప్తరు. మనకు సమజైతే ఇంటికి పోయినంక నవ్వుకోవాలె. కాకుంటె లేదు. మీ షీనమ్మ దగ్గర గట్ల కాదు, చక్కిలిగిలి పెట్టి నవ్వించినట్టు ఉంటది."

షీనాని అంటే గవర్రాజుకి ఒళ్ళు మండిపోయేది. ఆవిడ మంచి మనిషని, నోరు పెద్దదైనా చెయ్యి మెత్తనని, డిపోలో ఏ డ్రైవరూ ఆకలితో వెళ్ళడని సొంత పిన్నమ్మ గురించి చెప్పినట్టు వాదించేవాడు. సీతారాములు చెవులు మూసుకునేవాడు. ఒకసారి మార్పు కోసం మూడోది పెట్టారు, లండన్లో షోకుల దంపతుల కథ. ఇద్దరికీ నచ్చలేదు. ఆ రోజు ఇద్దరూ కలిసి దాన్ని ఎంత ఆనందంగా తిట్టుకున్నారంటే, చేపల పులుసు చల్లారిపోయిందని కూడా గమనించలేదు.

చూడ్డానికి ఇదంతా తగవులాగే ఉంటుంది. కానీ అన్ని రోజులూ ఒకటే అయిపోయిన గవర్రాజు వారంలోకి మళ్ళీ ఒక ఆదివారం వచ్చింది. ఆదివారం సెకండు షిఫ్టు పడితే తనతో పనిచేసే రామారావుని బతిమాలి మార్పించుకునేవాడు. అయిదున్నరకే రెండు కంచాలు కడిగి బోర్లించి, తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గేటు చప్పుడైతే తల ఎత్తేవాడు. పాలవాడైతే దించుకునేవాడు. ఎనిమిదేళ్ళలో ఈ ఇంటికి ఒక మనిషి వస్తాడని ఎదురుచూడడం అతనికిదే మొదలు. అది పోతే తనకింకేమీ లేదని అతనికి బాగా తెలుసు.

అంత తెలిసినవాడు నోరు అదుపులో పెట్టుకోవద్దూ?

పదకొండో ఆదివారం నైజెల్ వంతు. ఆ వేళటి కథలో నైజెల్ ఉద్యోగంలో చేరి పాతికేళ్ళవుతుంది. తనే హాలు మాట్లాడి, తనే కాగితం జెండాలు కట్టి, అరవై మందికి శాండ్‌విచ్‌లు తెప్పిస్తాడు. ముగ్గురొస్తారు. ఒకడు మర్చిపోయిన గొడుగు కోసం వచ్చినవాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా నైజెల్ మొహం వెలుగుతుంది. తలుపు తీస్తే గాలి. మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ గాలి. సీతారాములు నవ్వలేక చస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

గవర్రాజు నవ్వలేదు. ఆ చూపు అతనికి తెలుసు. అయిదున్నర నుంచి ఆరు దాకా తలుపుకేసి తాను చూసే చూపది. పక్కన కూర్చుని పగలబడి నవ్వుతున్నది ఎవరి కోసమైతే ఆ చూపు చూశాడో ఆ మనిషే. సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వస్తే గవర్రాజుకి అది కోపంలాగే బయటికొస్తుంది.

"కట్టీ దాన్ని" అన్నాడు.

"అన్నా?"

"కట్టీమన్నానా! మనిషికి మనిషి తోడు లేకపోతే నీకు తమాషాగా ఉందేటి?"

"ఆగన్నా, ఇంక ఉన్నది. ఆఖరి దాక చూడు, నేను ముందుగాలనే చూసిన..."

"నాకక్కర్లేదు. మీ అమ్మ బాసగూడలో ఒక్కర్తీ ఉంది. నువ్విక్కడ కూకుని ఒంటికాయ సొంఠికొమ్ములని చూసి నవ్వుకుంటున్నావు. నీకు బుద్ధుండాలి."

మాట జారాక గానీ దాని బరువు తెలియదు. సీతారాములు మొహంలో నవ్వు ఆరిపోయింది. ల్యాప్‌టాప్ మూశాడు. సగం తిన్న కంచాన్ని తీసుకెళ్ళి పంపు కింద కడిగి, బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.  

 తప్పు తనదేనని గవర్రాజుకి తెలుసు. సీతారాములు గోడ అవతలే ఉన్నాడు, నాలుగడుగులు వేసి తలుపు కొడితే సరిపోతుంది. కానీ పట్టింపు. 'చిన్నవాడు కదా, వాడే రానీ. వస్తే నేనేమైనా పొమ్మంటానా?' అనుకున్నాడు. అనుకుని ఊరుకుంటే సరిపోయేది. ఇక్కడే ఆ తిక్కశంకరయ్య ఇంకో పని చేశాడు. తనకేమీ తక్కువ కాలేదని పక్కింటికి వినపడాలని, షీనా క్యాంటీన్ పెట్టి సౌండు మునుపటికి రెట్టింపు చేశాడు. సాయంత్రం ఆరు నుంచి ఒకటే నవ్వులు. గోడ అదిరిపోయే నవ్వులు. అవి ఉత్త టీవీ నవ్వులని సీతారాములుకి తెలుసు. సీతారాములుకి తెలుసని గవర్రాజుకీ తెలుసు. అయినా పెట్టాడు. పెట్టి, తలుపుకెదురుగా కుర్చీలో కూర్చుని, ఎప్పుడు కొడతాడా అని ఎదురుచూశాడు.

రెండు వారాలు అలాగే గడిచాయి. సీతారాములు రాలేదు.

మూడో వారం మంగళవారం షిఫ్టు దిగి వచ్చేసరికి పక్క క్వార్టరుకి తాళం వేసి ఉంది. తాళం మామూలే, ఆసుపత్రికి వెళ్ళి ఉంటాడు. కానీ కిటికీకి పరదా లేదు. లోపల మంచం లేదు. గోడకి కేలండరు మేకు మాత్రం ఉంది.

క్వార్టర్ల వీధి ఊడ్చే సోమి చీపురు చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె తెలుగులో ఇక్కడి హల్బీ భాష, హిందీ సరిసమానంగా కలిసి ఉంటాయి.

"దవాఖానా భయ్యా చలా గయా సాబ్. సర్కారీ నౌకరీ దొరికిందట, ఉసూర్ ఆస్పతాల్లో. అమ్మకి దగ్గర అని చాలా ఖుషీ. నిన్న సాయంత్రం గీదం బస్సుకి పోయిండు. సామాను నేనే మోసిన."

"నిన్న సాయంత్రమా? నేనింట్లోనే ఉన్నాను కదా. ఒక మాట చెప్పి వెళ్ళొద్దూ?"

సోమి అతనికేసి వింతగా చూసింది. "చెప్పడానికే వచ్చిండు సాబ్. మీ తలుపు ఎంతసేపు కొట్టిండో! ఖట్ ఖట్, ఖట్ ఖట్. లోపల ఒకటే నవ్వులు. మెహమాన్, చుట్టాలు ఉన్నట్టున్నరు భయ్యా, చలో అన్న నేను. 'ఎవరూ లేరు సోమీ, అన్న ఒక్కడే ఉన్నడు' అన్నడు. ఇంకోసారి కొట్టిండు. 'వినపడుతనే ఉంటది, తీయడు' అన్నడు. బస్సుకి టైమైంది, పోయిండు."

గవర్రాజు తన క్వార్టరు తాళం తీసి లోపలికెళ్ళి, తలుపుకెదురుగా ఉన్న ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నిన్న సాయంత్రం కూడా ఇక్కడే కూర్చున్నాడు. మూడు బారల దూరంలో తలుపు. దాని అవతల సీతారాములు. తను ఏ చప్పుడు కోసం రెండు వారాలుగా చెవులు రిక్కించుకుని ఉన్నాడో ఆ చప్పుడు నిన్న వచ్చింది. వచ్చి, నిలబడి, వెళ్ళిపోయింది. గవర్రాజు రెండు చేతులతోనూ తల పట్టుకున్నాడు. ఎవరైనా చచ్చిపోతే ఏడవొచ్చు, దీనికి ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

ఫోను చేశాడు. మీరు డయల్ చేసిన నంబరు పహుంచ్ కే బాహర్ హై అంది హిందీ ఆడమనిషి. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే మర్యాద. ఉసూర్ దారిలో సిగ్నలు ఎక్కడుంటుందో ఎక్కడుండదో దేవుడికే తెలియాలి. అయిదోసారికి ఆపేశాడు. ఒకవేళ తగిలినా ఏమని చెప్పాలి? వినపడలేదంటే నమ్ముతాడా? గోడ అవతల తుమ్ము వినపడే ఇంట్లో తలుపు చప్పుడు వినపడలేదంటే ఎవడు నమ్ముతాడు?

సాయంత్రం ఆరయింది. షీనాని పెట్టబుద్ధి కాలేదు. టీవీలో వెతికి వెతికి నైజెల్‌ని పట్టుకున్నాడు. పాతికేళ్ళ పండగ కథ తీసి, తాను ఆపించిన చోటి నుంచి పెట్టాడు.

వచ్చిన ముగ్గురూ వెళ్ళిపోయారు. నైజెల్ జెండాలు మడతపెడుతున్నాడు. తలుపు తెరుచుకుంది. ఈసారి గాలి కాదు. ఆఫీసులో ఎప్పుడూ అతన్ని వెక్కిరించే గుమాస్తా అమ్మాయి, వానకి తడిసి ముద్దై, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చింది. నైజెల్ కోటు సర్దుకున్నాడు. సంతకాల పుస్తకం తెరిచి, వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు సంతకం చెయ్యాలని ప్రకటించాడు. ఖాళీ హాలు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. తర్వాత వెళ్ళి, వరుసలో నిలబడింది. ఒక్కతే. తన వంతు వచ్చేదాకా ఆగింది.

గవర్రాజు నవ్వాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ముందు నవ్వలేదు. నవ్వు దానంతటదే వచ్చేసింది, వెనకాలే కళ్ళలో నీళ్ళు. సీతారాములు ఆ రోజు నవ్వింది ఆ ఒంటరివాణ్ణి చూసి కాదు. వాడు ముందే చూశాడు కదా, ఆ అమ్మాయి వస్తుందని వాడికి తెలుసు. అందుకే 'ఆఖరి దాక చూడన్నా' అన్నాడు. గవర్రాజు అలవాటుగా పక్కకి తిరిగాడు, 'అవున్రా, బాగుంది' అని చెప్పడానికి. పక్కన కుర్చీ ఉంది, అంతే.

ఏడున్నరకి ఫోను మోగింది.

"తిన్నారా?" అంది గంగారత్నం.

"లేదు" అన్నాడు.

ఎనిమిదేళ్ళలో ఆ జవాబు రాలేదు. గంగారత్నం కంగారు పడింది. "ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. ఒక కామెడీ చూశాను. ఇంగ్లండువాళ్ళది. చెప్తాను, వింటావా?"

"చెప్పండి" అంది, నమ్మలేనట్టు.

గవర్రాజు నైజెల్ గురించే చెబుదామనుకున్నాడు. నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "ఒక ఆసామీ ఉంటాడు. ఇంట్లో ఒక్కడే. పక్కింటి కుర్రాడొకడు స్నేహమయ్యాడు. ఆదివారం ఆదివారం వస్తాడు. ఒకరోజు మాటా మాటా వచ్చీసింది. తప్పు ఈయనదే. వాడొచ్చి తలుపు కొడితే బాగున్ను అని లోపల కూకుని ఎదురుచూస్తుంటాడు. కానీ పట్టింపు చూడు, నాకు బోలెడుమంది ఉన్నారన్నట్టు టీవీలో నవ్వులు పెద్ద సౌండు పెట్టీసి మరీ కూకుంటాడు."

"ఒక్కడే కూచునా?"

"ఒక్కడే."

"తర్వాత?"

"ఆ కుర్రాడు ఊరొదిలి వెళ్ళిపోతూ, చెప్పి వెళదామని నిజంగానే వచ్చాడు. తలుపు కొట్టాడు. చాలాసేపు కొట్టాడు." గవర్రాజు తలుపుకేసి చూశాడు. "ఆ నవ్వుల గోలలో ఈయనకి వినపడలేదు."

 గంగారత్నం నవ్వింది. మర్యాదకి నవ్విన నవ్వు కాదు. పెళ్ళైన కొత్తలో, ఈ ఇంట్లోనే, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునే నవ్వు. "ఓరి దేవుడో! తలుపు కొట్టాలని తనే ఎదురుచూసి, వినపడకుండా తనే చేసుకుని... ఎక్కడ దొరికాడండీ ఈ వెర్రిబాగులవాడు!" ఆమెకి మాట అందడం లేదు. "అమ్మూ! ఇలా రావే, మీ నాన్న ఎంత మంచి కథ చెప్తున్నారో! ఉండండి, స్పీకర్లో పెడతాను. అది కూడా వింటుంది, మళ్ళీ మొదటి నుంచి చెప్పండి."

"చెప్పు నాన్నా" అంది అమ్ము, దగ్గరికొచ్చి.

ఇద్దరూ అక్కడ ఫోను ముందు కూర్చున్నారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఇద్దరి ఊపిరీ అతనికి వినపడుతోంది.

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఒక ఆసామీ ఉంటాడు" అన్నాడు. "ఇంట్లో ఒక్కడే."